ఒక్క మనిషి, ఆరు గదులు

నేను ముప్ఫై రెండేళ్లు ఇంటి పన్ను పనిలో ఉన్నాను. కృష్ణా డెల్టాలోని ఒక చిన్న మునిసిపాలిటీలో బిల్లు కలెక్టరుగా చేరాను, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. రసీదు పుస్తకం, కార్బన్ కాగితాలు సైకిలు బుట్టలో పెట్టుకుని కాలవ గట్ల మీద తిరిగిన రోజులూ చూశాను, ఫోనులోనే పన్ను కట్టేసే రోజులూ చూస్తున్నాను. ఇప్పుడు ఉండేది బెజవాడ సత్యనారాయణపురంలో. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున్నే ఎవరో ఒకరు డిమాండ్ నోటీసు పట్టుకుని మా గుమ్మంలోకి వస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. భార్యో భర్తో పోయి ఉంటారు. ఇల్లు మాత్రం నలుగురి కోసం కట్టినది అలాగే ఉంటుంది. అందరూ అడిగేది ఒకటే మాట. "ఒక్కరమే ఉంటున్నాం కదండీ, పన్నులో ఏమైనా తగ్గిస్తారా?"

ఆ ప్రశ్న చుట్టూ నేను చూసిన తగాదాలు, వాటిలోంచి నేర్చుకున్నవి రాస్తున్నాను. మొదటిది నా తప్పు నుంచే నేర్చుకున్నాను.

1. లేదని చెప్పే ముందు, ఉన్నదేమిటో చెప్పాలి

1994 ఎండాకాలం. ఒక డాబా ఇల్లు. కట్టి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. ఆరు గదులు. భర్త పోయి నాలుగేళ్లయింది, ఇంట్లో ఆవిడ ఒక్కరే. డిమాండ్ కాగితం చేతికిస్తే కళ్లజోడు పెట్టుకుని చదివి అడిగారు.

"నాయనా, నేను మసిలేది ఈ వంటిల్లూ ఈ పడగ్గదీ. మిగతా నాలుగు గదులూ తాళం తీసి ఏడాది దాటింది. వాటికీ నేనే కట్టాలా?"

"పన్ను గోడలకండీ పెద్దమ్మగారూ, మనుషులకు కాదు" అన్నాను.

ఆవిడ మారు మాట్లాడలేదు. చెంగున కట్టిన ముడి విప్పి, లెక్కపెట్టి డబ్బిచ్చారు. రసీదు చింపి ఇచ్చాను. మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను.

నేను చెప్పింది చట్టం ప్రకారం సరైన మాటే. ఒక్కరే ఉన్నారని ఇంటి పన్ను తగ్గించే నిబంధన అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాని నేను చెప్పకుండా వదిలేసిన సగం ఒకటుంది. ఆ రోజుల్లో పన్ను లెక్కకు ఆధారం ఇంటి వార్షిక అద్దె విలువ. 1990 నాటి నియమాల ప్రకారం పట్టణాన్ని జోన్లుగా విడగొట్టి, చదరపు మీటరుకు నెలకు ఇంత అద్దె అని కట్టి, ఇంటి వయసును బట్టి తరుగుదల తీసేవాళ్లం. 25 ఏళ్ల లోపు కట్టడానికి 10 శాతం, 25 నుంచి 40 ఏళ్ల దానికి 20, ఆపై 30. అయితే యజమాని తానే కాపురం ఉంటున్న ఇంటికి, ఆ తరుగుదల కూడా కలుపుకుని, 40 శాతం తగ్గించాలి. అంటే లెక్కలో అద్దె విలువ 6,000 వచ్చిన ఇరవై ఏళ్ల ఇల్లు అద్దెకిచ్చినదైతే 5,400 మీద పన్ను పడుతుంది. సొంత నివాసమైతే 3,600 మీదే పడుతుంది.

ఆవిడ భర్త ఉన్నప్పుడు ఊరిలోని హైస్కూలు టీచర్లు రెండు కుటుంబాల వాళ్లు ఆ ఇంట్లో అద్దెకుండేవారు. వీళ్లు అప్పుడు పొలం దగ్గర పాత ఇంట్లో ఉండేవారు. టీచర్లు బదిలీ మీద వెళ్లిపోయారు, వీళ్లు డాబాలోకి వచ్చారు, రిజిస్టరులో మాత్రం 'అద్దె' అన్న మాట అలాగే ఉండిపోయింది. 2002లో నివాస గృహాల పన్ను సవరణకు మళ్లీ కొలతలకు వెళ్లినప్పుడు గాని నేనది చూడలేదు. ఎనిమిదేళ్ల పాటు ఆవిడ కట్టాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు కట్టారు. ప్రతి అర్ధ సంవత్సరం ఆ రసీదు మీద సంతకం నాదే.

ఫైలు పెట్టి సరిచేయించాను. అప్పటిదాకా కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. వెళ్లి చెబితే "పోనీలే నాయనా, ఇప్పుడైనా చూశావు" అన్నారు. ఆవిడ నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నారని నాకు తెలుసు. ఆ తరువాత నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగింది "లోపల ఎవరెవరుంటున్నారు?" అని.

2. చనిపోయిన మనిషి పేరు మీద బతికున్న మనిషికి రాయితీ రాదు

అద్దె విలువ మీద పన్ను వేసిన రోజుల్లో ఒంటరి పెద్దవాళ్ల ఇంటి పన్ను తగాదాల్లో సగం పైగా ఇదే. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయి పదేళ్లు. అమ్మ ఒక్కతే ఉంటోంది. సొంత నివాసం అని రాయమంటే, యజమాని ఎవరు అని అడిగేవారు. పుస్తకంలో ఉన్నది పోయినాయన పేరు. పేరు మార్పిడి చేయిద్దామంటే కొడుకులు ఒప్పుకునేవారు కాదు.

గుడివాడ వైపు ఒక ఇంట్లో ఇద్దరన్నదమ్ముల మధ్య నేను మూడు ఆదివారాలు కూర్చున్నాను. పెద్దతను హైదరాబాదు, చిన్నతను అమెరికా. అమ్మ పేరు ఎక్కితే రేపు ఆవిడ ఇల్లు ఒకరికి రాసిచ్చేస్తుందని ఒకరి మీద ఒకరికి అనుమానం. పైకి మాత్రం "పేరెవరిదైతే ఏం, పన్ను నేనే కడుతున్నానుగా" అని ఇద్దరూ వాదిస్తున్నారు. పెద్దతను పన్ను రసీదులన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాడు, రేపు వాటా ఎక్కువ అడగడానికి పనికొస్తాయని.

వాళ్లిద్దరికీ చెప్పింది ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. ఇంటి పన్ను రసీదు యాజమాన్య హక్కు పత్రం కాదు. మునిసిపల్ పుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన ఇల్లు ఆ మనిషిది అయిపోదు, పేరు లేనంత మాత్రాన వారసుడి హక్కు పోదు. కోర్టులు ఈ మాట ఎన్నోసార్లు చెప్పాయి. హక్కు తేల్చేది దస్తావేజు, వీలునామా, వారసత్వం. పన్ను పుస్తకం ఎవరి దగ్గర వసూలు చేయాలో మాత్రమే చెబుతుంది. కాబట్టి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, ఇంటి దస్తావేజు నకలు పెట్టి అందరి వారసుల పేర్లూ ఎక్కించుకుంటే ఎవరికీ నష్టం లేదు. లోపల ఉంటున్న తల్లి కూడా యజమానుల్లో ఒకరవుతుంది. అప్పుడు ఆమె నివాసం సొంత నివాసమే.

మూడో ఆదివారం ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ మూడు వారాలూ ఆ తల్లి మాకు కాఫీలు ఇస్తూ, ఒక్క మాట కూడా కలగజేసుకోకుండా గోడ వారన నిలబడింది. ఆ ఇంట్లో ఉండేది ఆవిడ, రాయితీ రావలసింది ఆవిడకు, మాట్లాడింది మేం ముగ్గురం. అప్పట్నుంచి ఇలాంటి పంచాయితీకి ఎవరు పిలిచినా ముందు ఇంట్లో ఉండే మనిషికి కుర్చీ వేయించి కూర్చోబెడుతున్నాను.

3. ఖాళీ ఇల్లు వేరు, తాళం వేసిన ఇల్లు వేరు

చాలామందికి తెలియని సంగతి, మనుషులు లేక ఖాళీగా ఉన్న కట్టడానికి ఆ కాలానికి పన్నులో సగం వరకు మినహాయించే ఏర్పాటు మన మునిసిపల్ చట్టాల్లో పాతకాలం నుంచీ ఉంది. తెలిసినవాళ్లలో కూడా చాలామంది దాన్ని పోగొట్టుకుంటారు. ఖాళీ అయిందని రాతపూర్వకంగా ముందే తెలియజేయాలి. రెండేళ్ల తరువాత వచ్చి "మేం డాలస్‌లో ఉన్నామండీ, ఇల్లు తాళం వేసే ఉంది" అంటే ఆ రెండేళ్లను చూసి చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఉండరు. అర్జీ అందిన రోజు తరువాత సంగతి అయితే ఇన్‌స్పెక్టరు వెళ్లి చూడగలడు.

ఇంకో చిక్కు. మేడ మీద ఎవరూ లేరు, కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంది. లేదంటే సంక్రాంతికి వచ్చి పదిహేను రోజులుండి వెళతారు. లేదంటే సామానంతా అలాగే ఉంచి, వంటమనిషికి తాళాలిచ్చి వెళ్లారు. ఇవి ఖాళీ ఇళ్లు కావు. నేను అర్జీ మీద విచారణకు వెళితే ముందు చూసేది కరెంటు మీటరు. నెల నెలా యూనిట్లు తిరుగుతుంటే ఇంకో ప్రశ్న అడగక్కర్లేదు.

డెల్టాలో ఇళ్లు ఖాళీ చేయడమే పన్ను మీద పోరాటమైన కాలం ఒకటుంది. చీరాల, పేరాల గ్రామాలను మునిసిపాలిటీగా చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జనాన్ని ఊరి బయటికి నడిపించారు. ఆయన మన పెనుగంచిప్రోలులో పుట్టినవారే. వేలమంది సొంత ఇళ్లు వదిలి, ఊరి హద్దు దాటి రామనగరం అని పేరు పెట్టుకుని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. మా తాతయ్య చెప్పేవారు, ఇల్లు విడిచేటప్పుడు ఆడవాళ్లు గడపకు దణ్ణం పెట్టి కదిలారని. ఇంటి పన్ను గురించి మాట్లాడేటప్పుడు దాన్ని చిన్న విషయం అనేవాళ్లకు నేను ఈ సంగతి గుర్తు చేస్తాను. మన ప్రాంతంలో మనుషులు దానికోసం ఎండకూ వానకూ ఓర్చారు.

4. అబద్ధపు ఒంటరితనం చూపించవద్దు

పటమట, కానూరు వైపు చాలా ఇళ్లు కాలేజీ పిల్లల హాస్టళ్లుగా మారాయి. ఒక గదిలో అమ్మగారి మంచం వేసి, మిగతా ఐదు గదుల్లో పాతికమంది పిల్లల్ని పెట్టి, "మా అమ్మ ఒక్కతే ఉంటోందండీ, సొంత నివాసం" అని రాయించుకోవడం నేను చూశాను. అలాంటి ఇంటిని పట్టించేది ఎప్పుడూ పక్కింటివాళ్లే. నీళ్ల దగ్గరో, రాత్రి అల్లరి దగ్గరో మొదలైన తగాదా కమిషనరుగారికి రాసే అర్జీ దాకా వెళుతుంది. విచారణ వచ్చిన రోజు ఆ పెద్దావిడ చేత అబద్ధం చెప్పిస్తారు. డబ్బు నష్టం కంటే నన్ను బాధపెట్టేది అదే.

ఇంకొక రకం ఉంది, చదువుకున్నవాళ్లు చేసేది. కొడుకు అమ్మ ఇంట్లో ఉంటాడు. ఆఫీసులో ఇంటి అద్దె భత్యానికి అమ్మకు అద్దె కడుతున్నట్టు రసీదులు పెడతాడు. మునిసిపాలిటీలో మాత్రం ఆ ఇల్లు అమ్మ సొంత నివాసం, అద్దెకివ్వలేదు అంటాడు. ఒకే గోడ గురించి రెండు కార్యాలయాల్లో రెండు మాటలు. నిజంగా ఒంటరిగా ఉన్న మనిషి వచ్చి అడిగినప్పుడు ఇన్‌స్పెక్టరు అనుమానంగా చూస్తున్నాడంటే, దానికి కారణం ఇలాంటివాళ్లు. ఆ భారం మోసేది మాత్రం నిజం చెప్పినవాళ్లు.

5. టేపు పెట్టి మీ ఇల్లు మీరే ఒకసారి కొలుచుకోండి

నోటీసులో రాసిన విస్తీర్ణం, మీ ఇంటి విస్తీర్ణం ఒకటేనా అన్నది చూసినవాళ్లు వందకు పదిమంది కూడా నాకు తగల్లేదు. కూలిపోయిన పెరటి వసారా, తీసేసిన రేకుల షెడ్డు పుస్తకంలో బతికే ఉంటాయి. ఇప్పటి నియమాల్లో 375 చదరపు అడుగుల లోపు నివాసానికి పన్ను ఏడాదికి 50 రూపాయలే. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న చిన్న ఇళ్లవాళ్లకు పది అడుగుల తేడా పెద్ద తేడా.

6. ఒంటరివాళ్లను లెక్కలోకి తీసుకునే దేశంలో కూడా తగాదాలున్నాయి

మా మేనకోడలు బర్మింగ్‌హామ్‌లో నర్సు. 2018లో మూడు నెలలు దాని దగ్గరున్నాను. ఒకరోజు బల్ల మీద దాని కౌన్సిల్ పన్ను బిల్లు కనపడింది. పాత అలవాటు, చదవకుండా ఉండలేకపోయాను. అందులో ఒక వరుసలో ఇంట్లో వయోజనులు ఒక్కరే ఉన్నందుకు 25 శాతం తగ్గింపు అని ఉంది. ఆ వరుస నేను రెండుసార్లు చదివాను. 1994లో ఆ పెద్దమ్మగారు నన్ను అడిగింది అక్షరాలా అదే.

దాని వెనక కథ తెలుసుకున్నాను. అక్కడ 1990లో ప్రభుత్వం ఇంటిని వదిలేసి మనిషికింత అని తలపన్ను పెట్టింది. స్కాట్లండులో ఏడాది ముందే మొదలైంది. పెద్ద భవంతిలో ఉన్న ప్రభువూ, అద్దె గదిలో ఉన్న కూలీ ఒకే మొత్తం కట్టాలి. జనం తిరగబడ్డారు. 1990 మార్చి 31న లండన్‌లో ప్రదర్శన ఘర్షణగా మారింది. చివరికి ఆ పన్ను తీసేసి, 1993 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లను విలువను బట్టి ఎనిమిది తరగతులు చేసి ఇంటి మీద పన్ను తెచ్చారు. అయితే మనిషిని పూర్తిగా మరిచిపోలేదు. ప్రతి ఇంట్లో ఇద్దరు వయోజనులుంటారని అనుకుని బిల్లు వేస్తారు. ఒక్కరే ఉంటే నాలుగో వంతు తీసేస్తారు. పూర్తికాలం చదువుకునే విద్యార్థులను లెక్కలోకి తీసుకోరు.

ఇంత చక్కగా ఉన్నచోట గొడవలెందుకొస్తాయి అనుకుంటే పొరపాటు. మనవాళ్ల పిల్లలే ఇద్దరు ఒక ఇంట్లో ఉంటారు. ఒకతను ఉద్యోగం, ఒకతను చదువు. చదివేవాడు లెక్కలోకి రాడు గనక ఉద్యోగస్తుడికి 25 శాతం రాయితీ. చదువు అయిపోయి రెండోవాడికీ ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆ రాయితీ ఆగిపోవాలి. కౌన్సిలుకు చెప్పడం ఇద్దరూ మరిచిపోతారు. ఏడాది తరువాత పాత తేదీ నుంచి లెక్కగట్టిన బిల్లు వస్తుంది. తెలియజేయనందుకు 70 పౌండ్ల జరిమానా కూడా వేయవచ్చు. అప్పుడు ఆ డబ్బు ఎవరు కట్టాలని ఇద్దరు స్నేహితులు విడిపోతారు. మా మేనకోడలికి తెలిసినవాళ్లలోనే అలా విడిపోయినవారున్నారు.

నాకు ఒక భయం పట్టుకుంది, నేను వచ్చి ఉండటం వల్ల దాని రాయితీ పోతుందేమోనని. "నీకు భయమైతే అడుగుదాం మామయ్యా" అని అదే కౌన్సిలుకు రాసింది. అసలు కాపురం వేరే దేశంలో ఉండి చుట్టపుచూపుగా వచ్చినవారిని లెక్కించరని జవాబొచ్చింది. నాకు ఆ జవాబు కంటే, అది ముందుగా అడగడం బాగా నచ్చింది.

7. ఒక్కరి చెత్తకూ ఆరుగురి చెత్తకూ ఒకే ధర పెట్టినప్పుడు జనం ఎందుకు మండిపడ్డారో గుర్తుంచుకోవాలి

2021 అక్టోబరు 2న బెంజ్ సర్కిల్ దగ్గర చెత్త బళ్లకు జెండా ఊపారు. ఆ తరువాత మన నగరంలో చాలా ఇళ్లకు నెలకు 120 రూపాయల వినియోగ రుసుము వచ్చింది. జనం దానికి పెట్టిన పేరు చెత్త పన్ను. మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒక్కరే ఉండేవారు. రెండు రోజులకు ఒకసారి అరటిపండు తొక్కలు, ఒక పాల ప్యాకెట్టు, ఇంతే ఆయన చెత్త. పక్కన ఏడుగురున్న ఇల్లు. ఇద్దరికీ 120. ఆయన డబ్బు లేక అడగలేదు, లెక్క తప్పిందని అడిగారు. నాకు ఆయన వాదన సరైనదనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంటి పన్ను ఆస్తి మీద పన్ను గనక మనుషుల సంఖ్య అందులో చూడరు అంటే అర్థం ఉంది. చెత్త ఎత్తినందుకు తీసుకునే రుసుములో మనుషుల సంఖ్య చూడకపోతే దానికి ఏ న్యాయమూ లేదు.

2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ఆ పన్ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. మాస్టారు అప్పటికి లేరు.

అపార్ట్‌మెంట్లలో ఇదే గొడవ ఇంకా నడుస్తోంది. నెల మెయింటెనెన్స్ ఫ్లాటుకింత అంటారు. వేసవిలో ట్యాంకరు నీళ్ల ఖర్చు కూడా అలాగే పంచితే ఒంటరి పెద్దావిడ నలుగురి నీళ్లకు డబ్బు కడుతున్నట్టే. లిఫ్టు, వాచ్‌మన్, రంగులు ఫ్లాటు లెక్కన, నీళ్లు మనుషుల లెక్కన పంచుకున్న అసోసియేషన్లు నాకు తెలుసు. అక్కడ గొడవలు తగ్గాయి.

8. ఇంటి విలువ పెరిగితే ఇంట్లో మనిషి ఆదాయం పెరిగినట్టు కాదు

2002 తరువాత నివాస గృహాలకు పెద్ద సవరణ ఏదీ జరగలేదు. 2020 నవంబరులో కొత్త నియమాలు వచ్చాయి. అద్దె విలువ పోయింది, ఆస్తి మూలధన విలువ వచ్చింది. నివాసాలకు ఆ విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. విజయవాడలో వామపక్షాలు, పన్ను చెల్లింపుదారుల సంఘంవారు వీధి వీధి తిరిగి అభ్యంతరాలు రాయించారు. నేను కూడా మా వీధివాళ్లకు రాసిపెట్టాను.

పెంపు ఒక ఏడాదిలో 15 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. మంచిదే. కాని ఏటా 15 చొప్పున వరసగా పెరిగితే ఐదేళ్లకు రెట్టింపవుతుంది. అది చాలామంది లెక్క వేసుకోలేదు.

మొగల్రాజపురంలో కొండ పక్కన ఒక పాత ఇల్లుంది. అందులో ఉండేది కుటుంబ పింఛను మీద బతికే ఒకావిడ. 2014లో రాజధాని మాట వచ్చినప్పటి నుంచి ఆవిడ స్థలం విలువ ఎంతో పెరిగింది. ఆ విలువ ఆవిడ కంచంలోకి రాదు. అమ్మితే వస్తుంది, అమ్మితే ఉండటానికి చోటు ఉండదు. పాత పద్ధతిలో ఎన్ని లోపాలున్నా, ఈ ఇంట్లో యజమాని కాపురముంటున్నాడా, అద్దె తింటున్నాడా అని ఒక ప్రశ్న అడిగేది. విలువను బట్టి వేసే లెక్క భూమి ధరను అడుగుతుంది.

నా అభిప్రాయం దాచుకోను. ఉండటానికి ఒకే ఇల్లున్న, అందులో ఒంటరిగా కాపురం చేస్తున్న డెబ్భై దాటినవాళ్లకు ఇంటి పన్నులో నాలుగో వంతు తగ్గించాలి. ఇది కొత్త వింత కాదు. మాజీ సైనికులు తాము కాపురముండే ఇంటికి మినహాయింపు పొందే ఏర్పాటు ఉంది. 2016లో హైదరాబాదులో ఏడాది పన్ను 1,200 రూపాయల లోపున్న నివాసాలకు 101 రూపాయలు కడితే చాలన్నారు. తలచుకుంటే మినహాయింపు ఇవ్వడం ప్రభుత్వాలకు వచ్చు. దొంగ అర్జీలు వస్తాయంటారు. వస్తాయి. పింఛనుదారులు ఏటా జీవన ప్రమాణ పత్రం ఇస్తున్నట్టే వీళ్లూ ఏడాదికొక పత్రం ఇస్తారు. నెల మొదటి తేదీన పింఛను ఇంటికి తెచ్చి చేతిలో పెట్టే వార్డు సచివాలయ ఉద్యోగికి ఏ గుమ్మంలో ఒక్కరే ఉన్నారో తెలియదా?

9. గడువు తేదీలు, రసీదులు

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గుతుంది. ఇది ఒంటరివాళ్లకూ, ఉమ్మడి కుటుంబాలకూ అందరికీ ఉన్నదే. కట్టకుండా ఉంచితే నెలకు 2 శాతం వడ్డీ. 2025 మార్చిలో బకాయిల వడ్డీలో సగం మాఫీ చేశారు. మళ్లీ చేస్తారని ఎదురుచూసి బకాయి పెట్టుకోవద్దు. తగాదా ఉన్నప్పుడు పన్ను కట్టడం మానేయడం కూడా పొరపాటే. కట్టి, నోటీసులో రాసిన గడువు లోపల రివిజన్ అర్జీ పెట్టుకోండి. అర్జీ ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. బిల్లు కలెక్టరు మీద అరిస్తే అతను రాసుకునేది ఏమీ ఉండదు. కాగితం ఇస్తే అతను దాన్ని పై అధికారికి పంపక తప్పదు.

రసీదులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంటుంది. చాలామంది దాని మీద గొణుగుతారు. భార్య పోయిన తరువాత నా సాయంత్రాలు గడిచింది లైబ్రరీ బల్లల దగ్గరే. ఆ 8 పైసలు నేను సంతోషంగా కడతాను.

10. పక్కింటివాళ్లు చేయగలిగిన పని

మా ఆవిడ పోయి ఆరేళ్లయింది. మా ఇంట్లోనూ ఇప్పుడు ఒక్క మనిషే, నాలుగు గదులు. ఈ ఏప్రిల్‌లో నా పన్ను కట్టి వచ్చి, మా వరుసలో ఒంటరిగా ఉంటున్న ముగ్గురి రసీదులు అడిగి తీసుకుని చదివాను. ఒకరిది పోయిన భర్త పేరు మీదే ఉంది. ఇంకొకరి ఇంటి కొలతలో ఎప్పుడో తీసేసిన వసారా ఉంది. మూడోది సరిగ్గా ఉంది. మొదటి ఇద్దరికీ అర్జీలు రాసిపెట్టాను, సచివాలయం దాకా తోడు వెళ్లాను.

మీ వీధిలోనూ అలాంటివారు ఒకరైనా ఉంటారు. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లి, పన్ను రసీదు చూపించమని అడగండి. మూడే చూడండి. పేరు ఎవరిదుంది, కొలత సరిగ్గా ఉందా, కాపురం ఎవరిదని రాశారు. తప్పుంటే మీరే అర్జీ రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించి, వెంట వెళ్లి ఇచ్చి రండి.